ఇల్లు ముందా, బడి ముందా? ఇంగ్లండ్‌లో నడి సంవత్సరం సీటు సంగతి

హైదరాబాద్‌లో పిల్లల స్కూల్ మార్చాలంటే ముందు స్కూల్ చూస్తారు, తర్వాతే మిగతావి. ఫీజు కుదిరితే చాలు, ఇల్లు ఎంత దూరమైనా పసుపు బస్సు గల్లీ చివరిదాకా వస్తుంది. ఇంగ్లండ్‌కు ఉద్యోగం మీద వెళ్లే తెలుగు కుటుంబాలు ఇదే అలవాటుతో విమానం ఎక్కుతాయి. నెట్‌లో వెతికి, తెలిసినవాళ్లను అడిగి, మూడు మంచి స్కూళ్ల పేర్లు రాసి పెట్టుకుంటాయి. దిగాక తెలుస్తుంది, అక్కడ వరస వేరని. ముందు ఇంటి అడ్రస్ ఉండాలి. ఏ స్కూల్లో మన వంతు ముందు అన్నది చాలావరకు ఆ అడ్రస్‌ను బట్టి. ఆ స్కూల్లో ఆ క్లాసులో ఖాళీ ఉందా అన్నది మూడో మాట. ఈ మూడూ దాటాకే 'మంచి స్కూల్' అన్న ప్రశ్నకు చోటు.

స్టేట్ స్కూల్ అంటే ప్రభుత్వ బడి. మన దగ్గర ఆ మాట వినగానే చాలామంది మధ్యతరగతి తల్లిదండ్రుల మొహం మారుతుంది. ఇంగ్లండ్‌లో అలా ఉండదు. అక్కడ వందకు తొంభై మందికి పైగా పిల్లలు చదివేది వీటిలోనే. హాస్పిటల్ కన్సల్టెంట్ కొడుకూ, బస్సు డ్రైవర్ కూతురూ ఒకే బెంచీ మీద కూర్చోవడం మామూలు విషయం. ఫీజు లేదు. ప్రైవేటు స్కూళ్ల ఫీజుల మీద 2025 జనవరి నుంచి 20 శాతం వ్యాట్ కూడా పడింది కాబట్టి, జీతం మీద వెళ్లిన కుటుంబానికి అటు చూడడం అంత తేలిక కాదు. తల్లిదండ్రుల వర్క్ వీసా మీద డిపెండెంట్‌గా వెళ్లిన పిల్లలు స్టేట్ స్కూల్లో చదవవచ్చు. అడ్మిషన్ ఇవ్వడానికి పాస్‌పోర్టు, వీసా చూపించాలని స్కూల్ షరతు పెట్టకూడదు.

క్లాసు లెక్క దగ్గర మనవాళ్లు ముందు తికమకపడతారు. పిల్లవాడు ఇక్కడ ఏ తరగతి పాసయ్యాడన్నది అక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పుట్టిన తేదీయే లెక్క, గీత ఆగస్టు 31. 2012 ఆగస్టు 20న పుట్టిన అమ్మాయి 2025 సెప్టెంబరులో ఇయర్ 9లో కూర్చుంటుంది. రెండు వారాలు తేడాతో సెప్టెంబరు 5న పుట్టిన అబ్బాయి ఇయర్ 8. ఇక్కడ ఇద్దరూ ఎనిమిదో తరగతిలో పక్కపక్కన కూర్చున్నా సరే. 'మావాడు చురుకు, ఒక క్లాసు పైన వేయండి' అన్న మాట అక్కడ దాదాపు చెల్లదు. 'భాష కొత్త, ఒక ఏడాది వెనక్కి వేయండి' అంటే అడగడానికి వీలుంది కానీ ఒప్పుకోవడం అరుదు. సెకండరీ స్కూల్ ఇయర్ 7 నుంచి, అంటే పదకొండేళ్ల వయసు నుంచి, ఇయర్ 11 దాకా. ఆ చివర జీసీఎస్‌ఈ పరీక్షలు. మన పదో తరగతితో పోల్చుకోవచ్చు కానీ పోలిక అక్కడితో సరి.

ఇయర్ 7లో చేరేవాళ్లకు ఒక పద్ధతైన క్యాలెండర్ ఉంది: ముందటేడు అక్టోబరు 31లోగా కౌన్సిల్‌కు (అక్కడి స్థానిక ప్రభుత్వ సంస్థకు) దరఖాస్తు, మార్చి 1న సీటు కబురు. వలస వెళ్లే కుటుంబాల్లో ఈ తేదీలకు అమరేవాళ్లు తక్కువ. నోటీస్ పీరియడ్ అయ్యాక, వీసా వచ్చాక, ఏ నవంబరులోనో ఫిబ్రవరిలోనో దిగుతారు. అప్పుడు చేసేదాన్ని ఇన్-ఇయర్ అప్లికేషన్ అంటారు. కొన్ని కౌన్సిళ్లు తమ ఏరియా స్కూళ్లన్నిటికీ కలిపి తామే తీసుకుంటాయి. కొన్నిచోట్ల నేరుగా స్కూల్‌కే పెట్టాలి. సెకండరీ స్కూళ్లలో అయిదింట నాలుగుకు పైగా ఇప్పుడు అకాడమీలు. అంటే డబ్బు ప్రభుత్వానిదే, నిర్వహణ మాత్రం ట్రస్టులది. అందుకే పక్కపక్క స్కూళ్లకే పద్ధతి వేరుగా ఉండవచ్చు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ పేజీ ఒక్కటి ఓపిగ్గా చదివితే వారం రోజుల తిరుగుడు తప్పుతుంది.

2021 నాటి స్కూల్ అడ్మిషన్స్ కోడ్ ప్రకారం ఇన్-ఇయర్ దరఖాస్తుకు పది పనిదినాల్లో జవాబు ఇవ్వడానికి ప్రయత్నించాలి, పదిహేను దాటకూడదు. పనిదినాలంటే స్కూల్ నడిచే రోజులు. డిసెంబరు మూడో వారంలో దరఖాస్తు పెట్టినవాళ్లకు క్రిస్మస్ సెలవులు లెక్కలోకి రావు, కాబట్టి జనవరి చివరిదాకా ఎదురుచూపే. ఇదే కోడ్‌లో మనవాళ్లకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. పాత స్కూల్లో వేరే సిలబస్ చదివాడన్న కారణంతో గానీ, పాత స్కూల్ నుంచి కాగితాలు రాలేదన్న కారణంతో గానీ సీటు కాదనకూడదు. అంటే టీసీ కోసం ఇక్కడ ఫీజు బకాయిలు, క్లియరెన్సులు అంటూ ఆఫీసు చుట్టూ తిరిగి ప్రయాణం వాయిదా వేసుకోనక్కర్లేదు. టీసీ తీసుకోవడం మంచిదే, మళ్లీ ఇండియా రావాల్సి వస్తే అవసరం. కానీ ఇంగ్లండ్ స్కూల్ టీచరుకు దానికంటే పనికొచ్చేవి వేరే ఉన్నాయి: టీకాల కార్డు, రెండేళ్ల మార్కుల వివరాలు, మ్యాథ్స్, సైన్స్ పుస్తకాల విషయసూచిక పేజీల ఫోటోలు. పిల్లవాడికి త్రికోణమితి ఎంతవరకు వచ్చిందో ఆ ఫోటో ఒక్క నిమిషంలో చెబుతుంది.

ఇక ఇల్లు. చాలా కౌన్సిళ్లు పిల్లవాడు దేశంలో దిగి, అద్దె ఒప్పందమో కౌన్సిల్ టాక్స్ బిల్లో చూపించేదాకా దరఖాస్తును ముందుకు కదపవు. సైన్యంలో పనిచేసేవాళ్లకు, విదేశాల నుంచి తిరిగొచ్చే ప్రభుత్వోద్యోగులకు ముందుగానే సీటు కేటాయించే వెసులుబాటు ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్‌కు అది లేదు. కంపెనీ ఇచ్చిన నెల రోజుల సర్వీస్ అపార్ట్‌మెంట్ అడ్రస్ మీద దరఖాస్తు పెట్టి, తర్వాత ఊరి అవతలి వైపు ఇల్లు దొరికితే కథ మొదటికొస్తుంది. కొత్త అడ్రస్‌తో వెయిటింగ్ లిస్టులో స్థానం మారిపోతుంది.

సీట్లకంటే అడిగేవాళ్లు ఎక్కువైనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలో ప్రతి స్కూల్‌కూ రాసిపెట్టిన వరస ఉంటుంది. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలు ముందు. తర్వాత అన్నో అక్కో అక్కడే చదువుతున్నవాళ్లు, క్యాచ్‌మెంట్‌లో (ఆ స్కూల్ కిందికి వచ్చే చుట్టుపక్కల ప్రాంతంలో) ఉన్నవాళ్లు, చివరికి దూరం. చర్చి స్కూళ్లయితే మతం కూడా చూడవచ్చు. దూరాన్ని ఒకచోట మ్యాప్ మీద తిన్నని గీతలా కొలుస్తారు, ఇంకోచోట నడక దారిలో కొలుస్తారు. 'పోయినేడు చివరి సీటు 1.2 మైళ్ల దగ్గర ఆగింది' లాంటి లెక్కలు కౌన్సిళ్లు ప్రకటిస్తుంటాయి. వాటిని చూసి ఆ వలయం లోపల, నెలకు రెండు వందల పౌండ్లు ఎక్కువ పెట్టి ఇల్లు తీసుకునేవాళ్లు ఉంటారు. కానీ ఆ లెక్క ఇయర్ 7 చేరికలది. ఇయర్ 9లోకి ఫిబ్రవరిలో వెళ్లేవాడికి దానితో పని లేదు. ఆ క్లాసు నిండి ఉంటే గేటు ఎదురింట్లో ఉన్నా సీటు ఉండదు. ఖాళీ ఉంటే, అడిగినవాళ్లు ఎవరూ లేకపోతే, మూడు మైళ్ల అవతల ఉన్నా ఇవ్వాల్సిందే. కాబట్టి నడి సంవత్సరం వెళ్లేవాళ్లు ఇల్లు ఖాయం చేసుకునే ముందు చేయాల్సిన పని ఫోన్ తీసి నాలుగు స్కూళ్లకు 'మీ ఇయర్ 9లో ఇవాళ్టికి ఖాళీ ఉందా' అని అడగడం. రేపటికి మారవచ్చు. అయినా ఏ మ్యాప్ కంటే ఇదే మేలు.

ఇక్కడ ఒక భయం పట్టుకుంటుంది: ఖాళీ ఉందంటే అది మంచి స్కూల్ కాదేమో? కొన్నిసార్లు నిజమే. పేరు పోయిన స్కూళ్లకు ముందు పిల్లలు తగ్గుతారు, తర్వాత టీచర్లు తగ్గుతారు. కానీ ఖాళీకి వేరే కారణాలు బోలెడు. కొత్తగా కట్టిన స్కూల్ కావచ్చు. పక్కన ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకునే పేరున్న గ్రామర్ స్కూల్ ఉండి పిల్లలు అటు చీలిపోయి ఉండవచ్చు. లండన్ నడిబొడ్డున అద్దెలు భరించలేక కుటుంబాలు బయటికి వెళ్లిపోయి ఉండవచ్చు. ఏడేళ్ల కిందటి చెడ్డ రిపోర్టు ఇంకా ఊరి నోట్లో నానుతూ ఉండవచ్చు. ఏది కారణమో స్కూల్‌ను చూస్తేనే తెలుస్తుంది.

చూడకముందు అందరూ తెరిచేది స్కూళ్లను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఇచ్చే రిపోర్టు. 'అవుట్‌స్టాండింగ్', 'గుడ్' అంటూ స్కూల్ మొత్తానికి ఒకే మాటలో ఇచ్చే తీర్పును 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. 2025 నవంబరు నుంచి రిపోర్ట్ కార్డు పద్ధతి వచ్చింది. హాజరు-ప్రవర్తన, బోధన, సాధించిన ఫలితాలు లాంటి అంశాలకు విడివిడిగా అయిదు స్థాయుల్లో గ్రేడ్ ఇస్తారు. వాటిలో ఇన్‌క్లూజన్ ఒక అంశం. వెనుకబడే అవకాశం ఉన్న పిల్లలను స్కూల్ ఎలా కలుపుకుంటోందన్నది దీని కింద చూస్తారు. కొత్తగా దిగిన కుటుంబం ముందు చదవాల్సిన పేరా అదే. అయితే చాలా స్కూళ్లకు ఇంకా పాత రిపోర్టే ఉంటుంది. తేదీ చూడకుండా చదివితే ఎప్పుడో వెళ్లిపోయిన హెడ్‌టీచరు గురించి చదువుతున్నట్టే. స్కూళ్ల మార్కుల పట్టికలోనూ ఒక లోటు ఉంది. ప్రైమరీ చివరి నుంచి జీసీఎస్‌ఈ దాకా పిల్లలు ఎంత ముందుకొచ్చారో చెప్పే ప్రోగ్రెస్ 8 అన్న కొలత చాలా పనికొచ్చేది. కోవిడ్ వల్ల 2020, 2021లో ప్రైమరీ పరీక్షలు జరగలేదు, అందుకే 2025, 2026 జీసీఎస్‌ఈ బ్యాచ్‌లకు ఆ లెక్క వేయడానికి ఆధారమే లేదు. మిగిలిన సగటు మార్కులు ఆ ఏరియా ఆర్థిక స్థితిని కూడా కలిపి చెబుతాయి, స్కూల్‌ను మాత్రమే కాదు.

ఇంతకీ సపోర్ట్ చేసే స్కూల్ అంటే ఏమిటి? ప్రతి స్కూల్ వెబ్‌సైట్ మీదా నవ్వుతున్న పిల్లలు, 'ప్రతి బిడ్డా మాకు ముఖ్యం' అన్న వాక్యం ఉంటాయి. దానితో తేలదు. టూర్ అడగాలి, అదీ మామూలు పనిదినాన. సెప్టెంబరు, అక్టోబరుల్లో పెట్టే ఓపెన్ ఈవెనింగ్ మన పెళ్లిచూపుల లాంటిది, అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉంటారు.

ఉదయం పదకొండింటికి పీరియడ్ మారే గంట మోగినప్పుడు కారిడార్‌లో నిలబడి చూస్తే చాలా తెలుస్తుంది. వెయ్యి మంది ఒకేసారి గదులు మారతారు. తోపులాట ఉందా, టీచర్లు తలుపుల దగ్గర నిలబడి పేరు పెట్టి పలకరిస్తున్నారా, ఒంటరిగా గోడ వెంట నడిచే పిల్లవాణ్ని ఎవరైనా చూస్తున్నారా? టూర్ తిప్పే ఇయర్ 10 అమ్మాయిని 'నడి ఏడాదిలో చేరినవాళ్లు మీ క్లాసులో ఉన్నారా, వాళ్లు ఎలా ఉన్నారు' అని అడిగితే, వచ్చే జవాబు కంటే జవాబుకు ముందు ఆమె తీసుకునే సమయం ఎక్కువ చెబుతుంది. స్టాఫ్‌ను అడగాల్సిన ప్రశ్న ఇంకా చిన్నది: 'మొదటి రోజు లంచ్‌కి మావాడు ఎవరితో కూర్చుంటాడు?' కొత్తవాళ్లను చేర్చుకోవడం అలవాటున్న స్కూల్ తడుముకోదు. ఫలానా ఫామ్ ట్యూటర్ (మన క్లాస్ టీచర్ లాంటివారు), ఫలానా ఇద్దరు పిల్లలు తోడుంటారు, మొదటి వారం లంచ్‌కి లైబ్రరీ కూడా తెరిచే ఉంటుంది, క్యాంటీన్ అకౌంట్ ముందురోజే తెరుస్తాం అని చెప్పేస్తారు. 'అతను కలిసిపోతాడు లెండి' అన్నారంటే, అది మంచి మాటే కావచ్చు, ఏర్పాటు మాత్రం కాదు.

పేరు కూడా చిన్న విషయం కాదు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, ముందు పేరు అటూఇటూ అయి ఉంటాయి. వెంకట సాయి లక్ష్మీ ప్రణతి అన్న అమ్మాయిని రిజిస్టర్ చూసి 'వెంకట' అని పిలుస్తారు. అది తాతగారి పేరని ఆమె మొదటి రోజే క్లాసు ముందు వివరించలేదు, ఊరుకుంటుంది. అలా అయిదేళ్లు ఊరుకున్న పిల్లలున్నారు. చేరే ఫారంలో సాధారణంగా 'పిలిచే పేరు'కు వేరే గడి ఉంటుంది. అది నింపాలి. ఫారం తీసుకునే మనిషి ఆ పేరు ఎలా పలకాలో అడిగి పక్కన రాసుకున్నారంటే ఆ స్కూల్‌కు ఒక మార్కు ఎక్కువ వేసుకోవచ్చు.

భాష సంగతి ఇంకొంచెం చిక్కు. మనవాళ్లు 'మా పిల్లలది ఇంగ్లిష్ మీడియమే' అని ధీమాగా ఉంటారు. ఇంగ్లండ్ స్కూళ్లలో అయిదుగురిలో సుమారు ఒకరికి ఇంటి భాష ఇంగ్లిష్ కాదు. వాళ్లను ఈఏఎల్ పిల్లలని, అంటే ఇంగ్లిష్ అదనపు భాషగా ఉన్నవాళ్లని గుర్తిస్తారు. ఆ ముద్ర పడితే తక్కువ చేస్తారేమో అని ఫారంలో ఇంటి భాష ఇంగ్లిష్ అని రాసే తల్లిదండ్రులు ఉన్నారు. అది పొరపాటు. ఇక్కడ పాఠం చదివి జవాబు రాసిన పిల్లవాడికి అక్కడ టీచరు వేగంగా, లోకల్ యాసలో, జోకులు కలిపి చెప్పే పాఠం మొదటి రెండు నెలలు సగమే అందుతుంది. చదవడం వచ్చు, వినడం రాదు. అడిగితే 'యెస్ మిస్' అంటాడు. ఆ అవును వెనక కాదును గుర్తుపట్టే టీచర్లున్న చోటే సపోర్ట్ ఉన్నట్టు.

దీని ప్రభావం ఎక్కడ పడుతుందో చూస్తే భయం వేస్తుంది. చేరిన వారంలో ఏదో పరీక్ష పెట్టి మ్యాథ్స్‌లో, సైన్స్‌లో సెట్లుగా, అంటే స్థాయిని బట్టి గ్రూపులుగా, వేస్తారు. పరీక్షలో మాటల లెక్కలు ఎక్కువ ఉంటే, లెక్క వచ్చినా ప్రశ్న అర్థం కాక కింది సెట్‌లో పడతాడు. జీసీఎస్‌ఈ మ్యాథ్స్‌లో రెండు పేపర్ స్థాయులున్నాయి, హయ్యర్, ఫౌండేషన్. గ్రేడ్లు 9 నుంచి 1 దాకా, 9 అన్నిటికంటే పైది. ఫౌండేషన్ రాసినవాడికి ఎంత బాగా రాసినా గ్రేడ్ 5 దాటి రాదు. మన ఇంటర్ లాంటి ఎ-లెవెల్ కోర్సులో మ్యాథ్స్‌కు చాలా సిక్స్త్ ఫామ్‌లు (ఇయర్ 12, 13 చదివే చోట్లు) 6 లేదా 7 అడుగుతాయి. అంటే పదమూడేళ్ల పిల్లవాడు దిగిన వారంలో, జెట్‌లాగ్ వదలకముందు రాసిన ఒక పేపరు ఇంజినీరింగ్ దారిని మూసేయగలదు. మూయనక్కర్లేదు, సెట్లు మారుస్తారు. ఎన్నాళ్లకోసారి మారుస్తారు, కొత్తగా వచ్చినవాళ్లకు మళ్లీ ఎప్పుడు చూస్తారు అన్నది ముందే అడిగి, వచ్చిన జవాబును ఈమెయిల్లో పెట్టించుకోవాలి. ర్యాంకులు అడగడం మనకు అలవాటు. అక్కడ ర్యాంకులు ఉండవు, సెట్ నంబరు మాత్రం ఉంటుంది, అడిగితేనే చెబుతారు.

నేర్చుకోవడంలో ఇబ్బంది, ఆటిజం, వినికిడి సమస్య లాంటివి ఉన్న పిల్లలుంటే ప్రతి స్కూల్లో సెంకో అనే టీచరు ఉంటారు, టూర్‌లో ఆమెనే ముందు కలవాలి. ఇక్కడి డాక్టర్ల రిపోర్టులు ఇంగ్లిష్‌లో, తాజావి తీసుకెళ్లాలి. ఈహెచ్‌సీ ప్లాన్ అనే చట్టబద్ధమైన సహాయ పత్రం కావాలంటే కౌన్సిల్‌కు ఇరవై వారాల గడువు ఉంది, ఆచరణలో అంతకు మించే పడుతుంటుంది. మన దగ్గర ఈ విషయం దాచిపెట్టే అలవాటు ఉంది, సీటు పోతుందని. అక్కడ దాస్తే పోయేది సహాయమే.

వయసు బట్టి రిస్క్ మారుతుంది. ఇయర్ 7, 8 పిల్లలకు ఏ మామూలు స్కూలైనా సర్దుకుంటుంది. ఇయర్ 10లో అడుగు పెట్టేవాళ్ల విషయం వేరు. జీసీఎస్‌ఈ కోర్సు రెండేళ్లది, ఇయర్ 10 సెప్టెంబరులో మొదలవుతుంది, కొన్ని స్కూళ్లలో ఇంకా ముందే. ఐచ్ఛిక సబ్జెక్టులు ముందటేడే ఎంచుకుని ఉంటారు, ఖాళీ ఉన్న సబ్జెక్టే కొత్తవాడికి దక్కుతుంది. కంప్యూటర్ సైన్స్ నిండిపోయి ఉంటే టెక్స్‌టైల్స్ దొరకవచ్చు. ఇంగ్లిష్ లిటరేచర్‌లో ఒక షేక్‌స్పియర్ నాటకం, ఒక పందొమ్మిదో శతాబ్దపు నవల, పుస్తకం తెరవకుండా రాయాలి. తొమ్మిదో తరగతి సగంలో వెళ్లే పిల్లలున్న కుటుంబానికి, వీలైతే ప్రయాణాన్ని ఇయర్ 10 మొదలయ్యే సెప్టెంబరుకు ముందే పెట్టుకోవడం ఏ మంచి స్కూల్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఇయర్ 11లో దిగేవాళ్లు ముందే కాలేజీల దారి కూడా కనుక్కోవాలి. ఇక్కడ పది పూర్తిచేసి పదహారేళ్లకు వెళ్లేవాళ్లకు ఇదంతా వర్తించదు, వాళ్లు ఇయర్ 12కు నేరుగా సిక్స్త్ ఫామ్‌లను సంప్రదించాలి.

గ్రామర్ స్కూళ్ల గురించి వాట్సాప్ గ్రూపుల్లో జరిగినంత చర్చ దేని గురించీ జరగదు. ఇంగ్లండ్ మొత్తం మీద అవి 163. కెంట్, బకింగ్‌హమ్‌షర్, లింకన్‌షర్ లాంటి కొన్ని ప్రాంతాల్లోనే ఎక్కువ. ఇయర్ 6 మొదట్లో జరిగే పరీక్షకు చాలాచోట్ల వేసవిలోనే పేరు ఇవ్వాలి. నడి ఏడాది చేరికలకు కొన్నింట్లో వేరే పరీక్ష ఉంటుంది, సీట్లు ఒకటో రెండో. దాని కోసం ఇల్లు ఎంచుకోవడం లాటరీ టికెట్ చూసుకుని అప్పు చేయడం లాంటిది. స్కాట్లండ్, వేల్స్‌లో ఆఫ్‌స్టెడ్ ఉండదు, నియమాలు వేరు. గ్లాస్గో వెళ్లేవాళ్లు ఈ వ్యాసంలో కారిడార్ భాగం మాత్రం వాడుకోవచ్చు.

సీటు కాదంటే ఉత్తరం వస్తుంది, అందులో అప్పీల్ హక్కు ఉంటుంది. అప్పీల్ వేశాక ముప్పై పనిదినాల్లో విచారణ జరపాలి. ఆ లోపు పిల్లవాణ్ని ఇంట్లో కూర్చోబెట్టక ఖాళీ ఉన్న స్కూల్లో చేర్చడం మేలు, దానివల్ల అప్పీల్ చెడిపోదు. అందుబాటు దూరంలో ఎక్కడా సీటు లేక నాలుగు వారాలు దాటితే, ఫెయిర్ యాక్సెస్ అనే ఏర్పాటు కింద ఏదో ఒక స్కూల్‌ను చూపించమని కౌన్సిల్‌ను అడగాలి. నడవదగ్గ దారిలో మూడు మైళ్ల లోపు సరైన స్కూల్ దొరక్క అంతకంటే దూరం పంపాల్సి వస్తే రవాణా ఖర్చు కౌన్సిలే భరించాలి. ఇది అడగనివాళ్లకు సాధారణంగా ఎవరూ చెప్పరు.

చేరాక మొదటి సంక్రాంతికో, చెల్లెలి పెళ్లికో ఇండియా టికెట్లు తీసేటప్పుడు ఇంకో లెక్క ఉంది. పది వారాల్లో అయిదు రోజుల పాటు అనుమతి లేకుండా స్కూల్ మానితే జరిమానా పడవచ్చు. 2024 ఆగస్టు నుంచి తల్లికీ తండ్రికీ విడివిడిగా, ఒక్కో బిడ్డకు 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. స్కూల్ మనల్ని అవమానించిందని చాలామంది అనుకుంటారు. అదే చట్టం, పక్కింటి ఇంగ్లిష్ కుటుంబానికీ అదే.

వెయిటింగ్ లిస్టు మాత్రం ముందొచ్చినవాళ్లకు ముందు అన్న పద్ధతిలో నడవదు. నియమాల వరసలో మనకంటే పైన ఉన్నవాళ్లు నిన్న చేరినా వాళ్లే ముందు. అందుకే ఆ కోరుకున్న స్కూల్ నుంచి కబురు ఎప్పుడొస్తుందో చెప్పలేం. నెలలు గడిచాక రావచ్చు, అప్పటికి పిల్లవాడికి బ్లేజర్ అలవాటై, ఫుట్‌బాల్‌కు పిలిచే ముగ్గురు దొరికి ఉంటారు. జవాబు ఇవ్వడానికి స్కూల్ ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఆ సాయంత్రం తల్లిదండ్రులు ముందు తెరవాల్సినది ఆఫ్‌స్టెడ్ రిపోర్టు కాదు. రెండు స్కూళ్లూ ఏ పరీక్షా బోర్డు వాడుతున్నాయి, కొత్త చోట మ్యాథ్స్ సెట్ ఏది ఇస్తారు, ఏ ఐచ్ఛికాలు మిగిలాయి అన్నవి కనుక్కుని కాగితం మీద రాసుకుని, ఆ కాగితం పిల్లవాడి చేతికే ఇచ్చి అడగాలి.